మేఘ్రీ గేటు ఎవరి చేతిలో? ధర్మాబాద్ పసుపు కంటైనర్ల మీద ఒక కేస్ స్టడీ

2025 ఆగస్టు 9 పొద్దున ఏడు కాకముందే కాక ఫోన్ చేశాడు. "తమ్మీ, చూసినవా? ట్రంప్ ఆ అర్మేనియా, అజర్‌బైజాన్ దేశాలోళ్లను కూసోబెట్టి సంతకాలు పెట్టిచ్చిండు. కొత్త తోవ తెరుస్తరట. ఇగ మన మాల్ ఆ తోవనే పంపుదాం. కిరాయి తగ్గుతది. మనం రేటు తగ్గించి చెప్తే రెండో ఆర్డర్ మనకే."

కాక నాకు చుట్టం కాదు. మా నాన్న కాలం నుంచి మహారాష్ట్ర అంచున ఉన్న ధర్మాబాద్ మోండాలో (మార్కెట్లో) మిర్చి, పసుపు కొని అమ్మే వ్యాపారి, ఊళ్లో అందరికీ కాకే. నాది ఎగుమతి కాగితాల పని: షిప్పింగ్ బిల్లు, ల్యాబ్ పరీక్షలు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే కాగితం), ఇన్సూరెన్స్, మోండా నుంచి కొనేవాడి గోదాం దాకా బుకింగ్. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, మోండాలో హిందీ మాట్లాడే ఊరు మాది. బిలోలి, దెగ్లూర్ నుంచి, సరిహద్దుకు అటువైపు ముథోల్, నిజామాబాద్ నుంచి కూడా తెలుగు వ్యాపారులు ఈ పనికి నా దగ్గరికి వస్తారు.

ఆ పొద్దున నేను కాకకు అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. "మధ్యాహ్నం దుకాణానికి వస్త కాకా, మ్యాప్ తెస్త" అన్నాను. అంతకు మూడు నెలల ముందు అర్మేనియాలోని ఎరెవాన్‌కు పోయిన మొదటి ఆర్డర్ మీద నేనిచ్చిన సలహా ఆయనకు నష్టం తెచ్చింది. రెండోసారి తొందరపడదలుచుకోలేదు. ఈ రెండు కంటైనర్ల సంగతి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే గొడవలో ఉన్న దేశాల మధ్య నుంచి సరుకు పంపే చిన్న వ్యాపారులు మన వైపు పెరుగుతున్నారు. దారి చూపించే మ్యాప్‌లు వాళ్లకు దొరుకుతాయి. గేటు దగ్గర ఎవరు నిలబడతారో చెప్పేవాళ్లు దొరకరు.

మొదటి కంటైనర్

2025 ఏప్రిల్‌లో అర్మేనియా రాజధాని ఎరెవాన్ నుంచి ఒక మసాలా టోకు వ్యాపారి ఇరవై అడుగుల కంటైనర్ పసుపు కొమ్ములు అడిగాడు. సరుకు అతని గోదాం దాకా చేర్చే పూచీ మాదే అన్నది షరతు. కాకకు అది మొదటి విదేశీ ఆర్డర్.

అర్మేనియాకు సముద్రం లేదు. పడమర టర్కీ, తూర్పున అజర్‌బైజాన్, ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్. టర్కీ 1993 ఏప్రిల్‌లో సరిహద్దు మూసేసింది. నగోర్నో కరబాఖ్ అనే ప్రాంతం ఎవరిదన్న గొడవ వల్ల అజర్‌బైజాన్ వైపు సరిహద్దు ముప్ఫై ఏళ్లకు పైగా మూతే. కాబట్టి మనవాళ్లకు మిగిలేవి రెండు దారులు. ఒకటి, ముంబై దగ్గరి న్హావా షేవా రేవు నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు ఓడ, అక్కడి నుంచి లారీలో ఇరాన్ దేశం ఆ చివర దాకా వెళ్లి, నోర్దూజ్ దగ్గర అరస్ నది దాటి అర్మేనియాలోని అగరాక్ గేటు గుండా ఎరెవాన్. రెండోది, ఎర్ర సముద్రం, సూయజ్, నల్ల సముద్రం మీదుగా జార్జియాలోని పోతి రేవు, అక్కడి నుంచి సదాఖ్లో సరిహద్దు దాటి ఎరెవాన్.

నేను ఇరాన్ దారి చెప్పాను. 2023 నవంబర్‌లో యెమెన్ సాయుధ దళం హూతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టినప్పటి నుంచి పెద్ద కంపెనీల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోసాగాయి. పోతి చేరడానికి రోజులూ పెరిగాయి, ఖర్చూ పెరిగింది. ఇరాన్ దారి పొట్టి, చవక. ఏప్రిల్ 26న బందర్ అబ్బాస్‌లోని షహీద్ రజాయీ రేవులో భారీ పేలుడు జరిగి పదుల మంది చనిపోయారు. అప్పుడు నాకు భయం వేసింది. అయితే కొద్ది రోజుల్లోనే రేవులో పని మళ్లీ మొదలైందని తెలిసి, గండం గడిచిందనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది.

మే చివర్లో కంటైనర్ ఓడ ఎక్కింది. అదే సమయంలో ఇరాన్‌లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. బందర్ అబ్బాస్‌లో దిగేసరికి లారీలు దొరకడం కష్టమైంది. లారీ కుదిరిందని కబురు వచ్చిన వారంలోనే, జూన్ 13న, ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి. జూన్ 24న కాల్పుల విరమణ జరిగేదాకా మా కంటైనర్ యార్డులోనే ఉంది.

ఆ పన్నెండు రోజులు నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. జూన్ 17న ఇరాన్‌లో చదువుకుంటున్న మన విద్యార్థులు 110 మందిని భూమార్గంలో అర్మేనియాకు దాటించి, ఎరెవాన్ నుంచి విమానంలో ఢిల్లీకి తెచ్చారు. ఆ వార్త చదువుతుంటే, ఒక దేశం మొత్తానికి ఊపిరి ఆడే కిటికీ అంత చిన్నదా అనిపించింది. మా పసుపు పోవాల్సిన సరిహద్దు కూడా అదే. పిల్లలు క్షేమంగా దాటారని తెలిశాకే కంటైనర్ గురించి మళ్లీ ఆలోచించగలిగాను.

ఇన్సూరెన్స్ సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. యుద్ధ ప్రమాదానికి విడిగా డబ్బు కట్టి కవర్ తీసుకున్నాను. కానీ సరుకు మీద మామూలుగా ఇచ్చే యుద్ధ కవర్ సముద్రం మీదే పనిచేస్తుంది. చివరి రేవులో సరుకు దింపగానే అయిపోతుంది. దింపకపోయినా ఓడ చేరిన రోజు అర్ధరాత్రి నుంచి 15 రోజులకు ముగుస్తుంది. ఒడ్డున యార్డులో ఉన్న సరుకు మీద బాంబు పడితే పైసా రాదు. ఇక ఆలస్యం వల్ల వచ్చే నష్టం మామూలు పాలసీలోనే ఉండదు. ఈ షరతు నాకు తెలియక కాదు. కాకకు అర్థమయ్యేలా ముందే చెప్పలేదు. తప్పు నాది.

జూలై చివర్లో సరుకు ఎరెవాన్ చేరింది. బాగానే ఉంది, కానీ ఐదు వారాలు ఆలస్యం. కొనేవాడు ధర కోశాడు, యార్డు అద్దె మా మీద పడింది. పసుపు ఇచ్చిన రైతులకు కాక ఒక్క రూపాయి ఆపలేదు. తన చేతి నుంచి పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆగస్టు 9న ఆయన దుకాణానికి వెళ్తుంటే నా కాళ్లు బరువెక్కాయి.

మ్యాప్ పరిచి కూర్చున్న మధ్యాహ్నం

కాకకు ముందు నఖ్చివాన్ చూపించాను. అజర్‌బైజాన్‌కు చెందిన భూభాగమే, కానీ మిగతా దేశానికి అంటుకుని ఉండదు. మధ్యలో అర్మేనియాకు చెందిన స్యూనిక్ రాష్ట్రం అడ్డంగా ఉంటుంది. దాని దక్షిణపు కొసన మేఘ్రీ అనే చిన్న పట్టణం, కింద అరస్ నది, నది దాటితే ఇరాన్. అజర్‌బైజాన్ వాళ్లు ఆ ప్రాంతాన్ని జంగెజూర్ అంటారు. నఖ్చివాన్‌కు పోవడానికి వాళ్లు అడుగుతున్న దారి, అంటే కాక చెప్పిన కొత్త తోవ, ఈ మేఘ్రీ అంచు వెంట, దాదాపు 43 కిలోమీటర్లు.

"అంత కొంచెం జాగ కోసమా?" అన్నాడు కాక.

మనకు తెలిసిన సంగతితోనే చెప్పాను. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ముథోల్, భైంసా నాందేడ్ జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, ధర్మాబాద్ బొంబాయి రాష్ట్రంలో పడింది. అయినా బాసర గుడికి పోవడానికి మనల్ని ఎవరూ ఆపలేదు, ఎందుకంటే రెండు పక్కలా ఒకటే దేశం. సోవియట్ యూనియన్‌లో అర్మేనియా, అజర్‌బైజాన్ కూడా అలాంటివే. 1921లో మాస్కో, కార్స్ ఒప్పందాల్లో నఖ్చివాన్ అజర్‌బైజాన్ కిందికి వచ్చింది, జంగెజూర్‌లో ఇప్పటి స్యూనిక్ అర్మేనియాకు దక్కింది. గీత గీసినా రైలు ఆగలేదు. బాకూ నుంచి మేఘ్రీ మీదుగా నఖ్చివాన్‌కు అరస్ ఒడ్డున రైళ్లు నడిచేవి. దేశం ముక్కలై కరబాఖ్ యుద్ధం ముదిరాక, 1990ల మొదట్లో ఆ పట్టాలు ఆగిపోయాయి. అప్పటి నుంచి అజర్‌బైజాన్ వాళ్లు సొంత నఖ్చివాన్‌కు పోవాలంటే విమానం ఎక్కాలి, లేదంటే ఇరాన్ నేల మీదుగా పోవాలి.

కాబట్టి వాళ్ల కోరిక న్యాయం లేనిదని నేను అనను. సొంత జిల్లాకు పోవడానికి ఇంకో దేశం దయ మీద ఆధారపడే బాధ నిజమైనదే. అర్మేనియా భయం కూడా అంతే నిజమైనది. ఆ ముక్క మీద తన అధికారం పోతే, ఇరాన్‌తో ఉన్న నలభై కిలోమీటర్ల చిల్లర సరిహద్దు పోతుంది. మూసి ఉన్న రెండు సరిహద్దులకు మూడోది చేరితే మిగిలేది జార్జియా ఒక్కటే.

దీని మీద మిగతా దేశాల లెక్కలు కూడా కాకకు చెప్పాను, కాస్త వేగంగానే. టర్కీకి ఇది నఖ్చివాన్ మీదుగా కాస్పియన్ దాకా, అక్కడి నుంచి మధ్య ఆసియా దాకా నేల దారి. ఇరాన్‌కు పొరుగు పోతుందన్న దిగులు ఉంది, నఖ్చివాన్ సరుకు తన నేల మీద నడవడం వల్ల వచ్చే రాబడి, పలుకుబడి పోతాయన్న దిగులు కూడా ఉంది. రష్యా 2020లో ఈ దారికి కాపలాదారు కావాలనుకుంది. 2025లో ఆ కుర్చీలోకి అమెరికా వచ్చింది. మన దేశం పినాక రాకెట్ల దగ్గర నుంచి అర్మేనియాకు ఆయుధాలు అమ్ముతోంది. మేలో పాకిస్తాన్‌తో జరిగిన ఘర్షణలో టర్కీ, అజర్‌బైజాన్ అటువైపు నిలబడ్డాయని మన వ్యాపారులు కోపంగా ఉన్నారు. కాక కూడా వాళ్లలో ఒకరు. "ఆ దేశాల నేల మీదికెళ్లి మన పసుపు పోవద్దు" అని ముందే చెప్పాడు. నేను దాన్ని షరతుగా రాసుకున్నాను. వ్యాపారి మనసులో ఉన్న గీత కూడా రూట్ లెక్కలో చేరాల్సిందే.

దారి కాదు, గేటు

కాకకు ఈ విషయం బాబ్లీతో అర్థమైంది. మా ఊరి పక్కన గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ ఉంది, 14 గేట్లు. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు తన ఎమ్మెల్యేలతో ఆ ప్రాజెక్టు చూడ్డానికి వస్తే మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్ ఐటీఐలో పెట్టారు. ఊరంతా కెమెరాలు, పోలీసులు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మేము ఎవరి పక్షమో చెప్పమని రెండు వైపుల వాళ్లూ అడిగారు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నది ఎవరిది అన్న వాదన పక్కన పెడితే, ఆ తీర్పులో రోజూ పనిచేసే ముక్క గేట్ల గురించినది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు తెరిచి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. చూసుకోడానికి కేంద్ర జల సంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ముగ్గురి కమిటీ. గొడవ మనసుల్లో చల్లారలేదు, కానీ తేదీలు రాసి ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర కొట్టుకోవడం ఆగింది.

"మరి మేఘ్రీ గేటు మీద తేదీలు, పేర్లు రాసిండ్రా?" అని అడిగాడు కాక. నా పని మొత్తం ఆ ప్రశ్నలో ఉంది.

2020లో కరబాఖ్ కోసం జరిగిన 44 రోజుల యుద్ధం తర్వాత, నవంబర్ 9 రాత్రి రష్యా, అజర్‌బైజాన్, అర్మేనియా నాయకులు సంతకం చేసిన ప్రకటనలో తొమ్మిదో అంశం ఈ దారి గురించి. మనుషులు, వాహనాలు, సరుకు అడ్డంకి లేకుండా రెండు వైపులా తిరిగేలా అర్మేనియా భద్రతకు హామీ ఇస్తుంది, రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ సరిహద్దు దళం పర్యవేక్షిస్తుంది అని ఉంది. సంచి విప్పి చూసేదెవరు, పాస్‌పోర్టు మీద ముద్ర వేసేదెవరు, సుంకం ఎవరికి, ఇవేవీ లేవు. కారిడార్ అన్న మాట కూడా ఆ అంశంలో లేదు. అదే ప్రకటనలో లాచిన్ విషయంలో మాత్రం ఉంది. అజర్‌బైజాన్ దాన్ని ఇక్కడికీ వర్తింపజేసి, మేఘ్రీలో తమవాళ్లను ఎవరూ ఆపకూడదని వాదించింది. 2021 ఏప్రిల్‌లో అధ్యక్షుడు అలియేవ్, అర్మేనియాకు ఇష్టం ఉన్నా లేకున్నా ఈ దారి తెస్తామన్నాడు. అర్మేనియా మాత్రం రోడ్డు ఇస్తాం, ముద్ర మాది అంటూ వచ్చింది.

లాచిన్‌లో ఏం జరిగిందో చూస్తే అర్మేనియా ముద్ర కోసం ఎందుకు పట్టుబడుతోందో తెలుస్తుంది. కరబాఖ్‌లో ఉన్న అర్మేనియన్లకు బయటి ప్రపంచంతో ఉన్న ఏకైక దారి అది. కాగితం మీద అయిదు కిలోమీటర్ల వెడల్పు, రష్యా శాంతి దళాల కాపలా. 2022 డిసెంబర్ 12న పర్యావరణ నిరసన పేరుతో అజర్‌బైజాన్ వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. 2023 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం రాకపోకలు సాగేలా చూడమని ఆదేశించింది. ఏప్రిల్ 23న అజర్‌బైజాన్ అక్కడ సొంత చెక్‌పోస్టు పెట్టింది. లోపల తిండి, మందులు కరువయ్యాయి. సెప్టెంబర్‌లో సైనిక చర్య జరిగాక లక్ష మందికి పైగా జనం ఇళ్లు వదిలి, అదే రోడ్డున అర్మేనియాకు తరలిపోయారు. ఆ వరుస కట్టిన కార్ల ఫోటోలు చూసిన ఎవరికైనా గుండె పట్టేస్తుంది. కారిడార్ అని పేరు పెట్టినంత మాత్రాన, కోర్టు ఆదేశం ఉన్నంత మాత్రాన దారి తెరిచి ఉండదు.

మా లారీలు పోయే రోడ్డు మీదే ఇంకో సంగతి జరిగింది. కపాన్ నుంచి గోరిస్‌కు పాత సోవియట్ రోడ్డు సరిహద్దును అటూ ఇటూ దాటుకుంటూ పోతుంది. 2020 యుద్ధం తర్వాత అందులో సుమారు 21 కిలోమీటర్లు అజర్‌బైజాన్ చేతికి వచ్చాయి. 2021 సెప్టెంబర్‌లో అక్కడ వాళ్ల పోలీసులు ఇరాన్ లారీలను ఆపి రోడ్డు పన్ను వసూలు చేశారు, ఇద్దరు డ్రైవర్లను పట్టుకెళ్లారు. ఆ డ్రైవర్లు విడుదల కావడానికి అక్టోబర్ 21 దాకా పట్టింది. ఈలోగా ఇరాన్ సరిహద్దులో సైనిక విన్యాసాలు చేసింది. తర్వాత అర్మేనియా తాతేవ్ మీదుగా కొండల్లో వేరే రోడ్డు వేసుకుంది. అక్కడ రోడ్డులో మార్పేమీ లేదు. గేటు దగ్గర మనిషి మారాడు, అంతే. ఇద్దరు డ్రైవర్ల ఇళ్లలో నెల రోజులు పొయ్యి ఎలా వెలిగిందో నేను ఊహించుకోగలను. మా ఊళ్లో లారీ తోలే కుటుంబాలు చాలా ఉన్నాయి.

పాకిస్తాన్ సరిహద్దులో మనకు తెలిసిన అట్టారి గేటు సంగతీ ఇంతే. మన సరుకు నేల మీదుగా అఫ్గానిస్తాన్ పోవడానికి పాకిస్తాన్ ఒప్పుకోదు. 2021లో అక్కడ కరువు వస్తే మన ప్రభుత్వం 50,000 టన్నుల గోధుమ ఇస్తానంది. ఎవరి లారీల్లో పోవాలి అన్న దాని మీద నెలలు నడిచాయి. చివరికి అఫ్గాన్ లారీలు అట్టారి వచ్చి ఎత్తుకున్నాయి. మొదటి వరుస 2022 ఫిబ్రవరి 22న కదిలింది. ఆకలితో ఉన్నవాళ్లకు పోయే గోధుమనే అన్ని రోజులు ఆపిన ప్రశ్న, మన పసుపును ఆపదా?

సంతకాల రోజు రాసింది, రాయనిది

ఆగస్టు 8న వాషింగ్టన్‌లో ట్రంప్ ఎదుట అలియేవ్, అర్మేనియా ప్రధాని పషిన్యాన్ ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. రెండు దేశాల విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం పాఠం మీద పొడి అక్షరాలు పెట్టారు. అంటే పాఠం ఖాయమైంది, పూర్తి సంతకం అప్పటికి మిగిలే ఉంది. ముందు అర్మేనియా తన రాజ్యాంగం మార్చుకోవాలని అజర్‌బైజాన్ అడుగుతోంది. దారికి ట్రంప్ పేరు పెట్టారు. ప్రకటనలో అసలు మాటలు నేను కాకకు తెలుగులో చెప్పాను: రాకపోకలు ఆయా దేశాల సార్వభౌమత్వం, భూభాగం, అధికార పరిధిని గౌరవిస్తూ తెరుస్తారు. అందులో భాగంగా నఖ్చివాన్‌కు అడ్డంకి లేని సంబంధం ఉంటుంది.

ఒకే పేరాలో రెండు మాటలు ఉన్నాయి. అధికార పరిధి అన్నది అర్మేనియా కోరిన మాట. అడ్డంకి లేని అన్నది అజర్‌బైజాన్ కోరిన మాట. తనిఖీ చేసే అధికారం ఒకరికి ఉంటే ఎదుటివాళ్లకు అది అడ్డంకిగా కనిపిస్తుంది. ఆ రెండు మాటలను కలిపి పనిచేయించే కాగితం, అంటే ఏ బూత్‌లో ఎవరు కూర్చుంటారు, ఏ లారీని ఎన్ని గంటల్లో వదలాలి అన్నది, ఆ రోజు రాలేదు. మరుసటి రోజే ఇరాన్ అధినేత సలహాదారు వెలాయతీ ఈ దారిని సాగనివ్వమని గట్టిగా హెచ్చరించాడు. నాకు ఇందులో ఆశ కనిపించలేదని కాదు. ముప్ఫై అయిదేళ్లు చంపుకున్నవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు, మనసారా సంతోషించాను. అయితే సంతోషం వేరు, రేటు కోట్ చేయడం వేరు.

ఆ తర్వాత కాకకు ఇంకో విషయం చూపించాను. వార్తల్లో ఎక్కడా నాకు కనపడలేదు, మ్యాప్ మీద వేలు పెట్టి జరిపితేనే తెలిసింది. ట్రంప్ దారి తూర్పు నుంచి పడమరకు పోతుంది. మన పసుపు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఆ దారి మనకు ఒక్క కిలోమీటర్ కూడా తగ్గించదు. మేఘ్రీ పక్కన ఆ రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

"అంటే మన స్టేషన్ దగ్గరి రైల్వే గేటు లెక్క" అన్నాడు కాక.

అంతే. రైలు దారి బాగుపడితే రైలుకు మంచిది. ఎడ్లబండి వాడికి గేటు ఎంతసేపు పడుతుంది అన్నదే లెక్క. ఆ దారికి విడిగా కంచె, విడిగా కాపలా వస్తే, అగరాక్ నుంచి పైకి ఎక్కే ఇరాన్ లారీలు ఎక్కడ, ఎవరి అనుమతితో దాన్ని దాటుతాయి? ఇరాన్ మీద కోపం ఉన్న దేశపు కంపెనీ అక్కడ కూర్చుంటే, ఇరాన్ నంబర్ లారీని ఎలా చూస్తుంది? 2024 డిసెంబర్ చివర్లోనే అగరాక్ గేటు రష్యా సరిహద్దు దళం నుంచి అర్మేనియా వాళ్ల చేతికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే అదే గేటు పక్కన ఇంకో పెద్ద దేశం రాబోతోంది. అంత త్వరగా చేతులు మారుతున్న చోట రెండేళ్ల రేటు ఇవ్వడం నావల్ల కాదని చెప్పాను.

కాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఆ మేఘ్రీల ఉండేటోళ్లు ఏం పండిస్తరు?" దానిమ్మ, అత్తి పండ్లు అని చెప్పాను. "ఆళ్లను ఎవరన్నా అడిగిండ్రా?" అన్నాడు. బాబ్లీ గొడవలో మమ్మల్ని కూడా ఎవరూ అడగలేదు. నా దగ్గర జవాబు లేదు.

తీసుకున్న నిర్ణయం

రెండో ఆర్డర్‌కు ట్రంప్ దారిని లెక్కలోంచి పూర్తిగా తీసేశాం. ఇరాన్ దారి, పోతి దారి మధ్య ఎంచుకోవాలి. ఇరాన్ దారి ఇంకా చవకే. జూన్ తర్వాత అప్పటికి రేవు పనిచేస్తోంది, లారీలు దొరుకుతున్నాయి. మాకు తెలిసిన ఏజెంట్ కూడా అదే చెప్పాడు. కానీ ఇరాన్ మీద ఐక్యరాజ్యసమితి పాత ఆంక్షలు మళ్లీ వస్తాయన్న మాట అప్పటికే నడుస్తోంది. పసుపు మీద ఆంక్ష ఉండదు. ఓడ కంపెనీ, రేవు, బ్యాంకు మీద ఉంటుంది. అర్మేనియా నుంచి రావాల్సిన డబ్బును, కాగితాల్లో బందర్ అబ్బాస్ అని కనపడితే ఒక బ్యాంకు మొదటిసారే రెండు వారాలు ప్రశ్నలతో ఆపింది. రెండోసారి అంత ఓపిక కాక దగ్గర ఉన్నా, పసుపు ఇచ్చిన రైతు దగ్గర ఉండదు.

పోతి దారి పెట్టాం. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగినా సరే అనుకుని రోజులు లెక్కేశాం, ధర పెంచి చెప్పాం. ఆర్డర్ పోతుందేమోనని కాక భయపడ్డాడు. నేను కొనేవాడికి మా మొదటి కంటైనర్ ఖర్చుల వివరం, యార్డు బిల్లుతో సహా, దాచకుండా పంపాను. అతను రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆలస్యం వల్ల తన దుకాణాలకూ నష్టం వచ్చిందని అప్పుడే చెప్పాడు.

ఒప్పందంలో మూడు మార్పులు చేశాను. ఎరెవాన్ గోదాం దాకా మా పూచీ అన్న షరతు తీసేసి, పోతి రేవులో దింపేదాకా మాది, అక్కడి నుంచి అతనిది అని రాశాం. జార్జియాలో తన మనుషులు ఉన్నారు, ఆ గేటు అతనికి తెలుసు. ఎవరికి ఏ గేటు దగ్గర మాట చెల్లుతుందో వాళ్ల మీదే ఆ గేటు పూచీ ఉండాలి. యుద్ధం, సమ్మె, ప్రభుత్వం మూసివేత వల్ల దారి మార్చాల్సి వస్తే పెరిగే ఖర్చు చెరి సగం. ఇన్సూరెన్స్ కవర్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఒక పేజీలో తెలుగులో రాసి కాక చేత చదివించాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి వ్యాపారికీ ఆ పేజీ ఇస్తున్నాను.

తర్వాత జరిగింది

సెప్టెంబర్ 27, 28 నడిరాత్రి ఇరాన్ మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు తిరిగి వచ్చాయి. అప్పటికి మా కంటైనర్ సముద్రం మీద ఉంది, ఇరాన్ ఛాయకు పోకుండా. కాక ఫోన్ చేసి "మంచి పని చేసినవ్ తమ్మీ" అన్నాడు. నాకు ఆ మాట మీద గర్వం కన్నా, ఆ దారినే నమ్ముకున్న ఇరాన్ లారీ డ్రైవర్ల గురించి దిగులే ఎక్కువ కలిగింది.

నేను అంచనా వేయలేనిది కూడా ఒకటి జరిగింది. అక్టోబర్ 21న అలియేవ్, అర్మేనియాకు పోయే సరుకు తమ దేశం మీదుగా పోవడంపై ఉన్న ఆంక్షలు ఎత్తేశామని ప్రకటించాడు. నవంబర్‌లో ధాన్యం రైలు అజర్‌బైజాన్, జార్జియా మీదుగా అర్మేనియా చేరింది. మేఘ్రీలో ఒక్క పట్టా వేయకముందే ముప్ఫై ఏళ్ల మూత ఇంకో చోట తెరుచుకుంది. దానికి కొత్త రోడ్డు అక్కర్లేకపోయింది, ఉన్న పట్టాల మీదే బండి నడిచింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి రాష్ట్రాల పన్ను చెక్‌పోస్టులు తీసేసినప్పుడు, ధర్మాబాద్ నుంచి నిజామాబాద్ పోయే లారీలకు ఒక్క రాత్రిలో గంటలు కలిసొచ్చాయి. తారు అదే, గుంతలు అవే. నవంబర్ వార్త చదివినప్పుడు నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది.

రెండో కంటైనర్ మేం లెక్కేసిన గడువు లోపలే పోతిలో దిగింది. డబ్బు పూర్తిగా వచ్చింది. మొదటి కంటైనర్ నష్టం పూడలేదు, సగం దాకా తీరింది.

డిసెంబర్‌లో మూడో ఆర్డర్ మాట్లాడాం. కొనేవాడు ఈసారి మిర్చి కూడా కావాలన్నాడు. ఒప్పందంలో పోతి దారి పైన ఉంది. కింద, నోర్దూజ్ నుంచి అగరాక్ దారి తెరిచి ఉండి, బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుని, మేఘ్రీ దగ్గర ఇరాన్ లారీలు దాటే పద్ధతి కాగితం మీదికి వస్తే అప్పుడు మార్చుకోవచ్చు అని ఒక పేరా రాశాం. కాక ఆ పేరా రెండుసార్లు చదివించుకుని, కింద ఎప్పటిలాగే తెలుగులో సంతకం పెట్టాడు. లోడింగ్ జనవరి రెండో వారంలో.